రౌటర్‌కు వడదెబ్బ

ఖరగ్‌పూర్‌ క్వార్టర్లలో మధ్యాహ్నం పోయి రాత్రికి దానంతటదే వచ్చే నెట్‌ వెనుక సంగతి

2024 ఏప్రిల్‌ 30న ఖరగ్‌పూర్‌ పక్కనున్న కలైకుండలో ఉష్ణోగ్రత 47.2 డిగ్రీలకు చేరింది. ఆ అంకెతో ఆ ఊరి పేరు దేశమంతటి వార్తల్లోకి ఎక్కింది. అలాంటి రోజున ఖరగ్‌పూర్‌ పేటల్లో, మథురాకాటిలోనో, నింపురాలోనో, మలంచలోనో, మనుషులు తలుపులు బిడాయించుకుని కూలర్‌ ముందు చేరతారు. ఇంట్లో ఒక్కటి మాత్రం పెట్టిన చోటు నుంచి కదలకుండా, చెమటపట్టే వీలు కూడా లేకుండా, రాత్రీ పగలూ పనిచేస్తూనే ఉంటుంది. అది రౌటర్‌. దాని డబ్బాలో వచ్చే కాగితం మీద సన్నటి అక్షరాల్లో ఒక మాట ఉంటుంది: పనిచేయాల్సిన చోటు వేడి 0 నుంచి 40 డిగ్రీలు. ఇళ్లలో వాడే రౌటర్లలో చాలావాటికి ఇదే హద్దు. ఖరగ్‌పూర్‌లో ఏప్రిల్‌, మే నెలల మధ్యాహ్నాలు ఆ హద్దును లెక్కచేయవు.

నెట్‌ బాగుచేసే కుర్రాళ్లకు ఆ నెలల్లో వచ్చే ఫోన్లు దాదాపు ఒకే మాదిరిగా ఉంటాయి.

“మధ్యాన్నం పోనాది బాబూ. రేత్రికి దానంతటదే ఒచ్చీసినాది. మీ లైనులోనే ఏటో ఉంది.”

“రౌటర్‌ ఎక్కడ పెట్టారు పిన్నీ?”

“బీరువా మీద. దుమ్ము పడకుండా గుడ్డ కప్పినాను.”

జబ్బూ, జబ్బుకు కారణమూ ఆ మాటల్లోనే దొరికిపోతాయి. కానీ ఆ ‘ఎక్కడ పెట్టారు’ అనే ప్రశ్న అడిగేవాళ్లు తక్కువ. లైను చూస్తారు, వైరు మారుస్తారు, ఆఖరికి పెట్టే మారుస్తారు. కొత్త పెట్టెను మళ్లీ ఆ బీరువా మీదే పెడతారు.

బెంగాల్లో ఈ ఉత్తరాంధ్ర యాస ఏమిటని అడిగేవాళ్ల కోసం నాలుగు మాటలు. 1887లో పుట్టిన బెంగాల్‌ నాగపూర్‌ రైల్వే (బి.ఎన్‌.ఆర్‌.) కంపెనీ ఖరగ్‌పూర్‌ను జంక్షన్‌గా, వర్క్‌షాపు ఊరుగా నిలబెట్టింది. తూర్పు తీరపు రైలు మార్గంలో ఉత్తర భాగం 1902లో ఆ కంపెనీ చేతికి వచ్చింది. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి పని వెతుక్కుంటూ రైలెక్కినవాళ్లు ఇక్కడ దిగి ఖలాసీలయ్యారు, ఫిట్టర్లయ్యారు, క్వార్టర్లలో స్థిరపడ్డారు. ఆ రైల్వే కార్మికులను కూడగట్టి 1928 సమ్మెను నడిపిన నాయకుడు వి.వి.గిరి. తర్వాత రాష్ట్రపతి అయ్యారు. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్‌ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇచ్చిందంటే అందుకు ఈ ఊరే ముఖ్య కారణం. నాలుగు తరాలుగా యంత్రాల వేడితో కాపురం చేసిన ఊరిది. రౌటర్‌ వేడి దీనికి కొత్త పాఠమేమీ కాదు, పాత పాఠంలో చిన్న అధ్యాయం.

వేడి ఎక్కడిది?

రౌటర్‌ అడాప్టర్‌ మీద 12 వోల్టులు, 1 ఆంపియర్‌ అనో, ఒకటిన్నర అనో రాసి ఉంటుంది. అంటే గరిష్ఠంగా 12 నుంచి 18 వాట్లు. మామూలుగా అందులో సగం, అటూ ఇటుగా వాడుకుంటుంది. అంత తక్కువ కరెంటుకు ఇంత వేడా అని తీసిపారేయకండి. బల్బయితే కొంత వెలుగిస్తుంది, మిక్సీ అయితే పప్పు రుబ్బుతుంది. రౌటర్‌ తిన్న కరెంటులో రేడియో తరంగాలుగా బయటికి పోయేది పిసరంత. తక్కినదంతా వేడే. అరచేతి మందం ప్లాస్టిక్‌ డబ్బాలో రోజంతా ఆ వేడి పుడుతూనే ఉంటుంది.

ఇంటి రౌటర్లలో చాలావాటికి ఫ్యాన్‌ ఉండదు. వేడెక్కిన గాలి తేలికై పైకి పోతుంది, ఆ ఖాళీలోకి కింది చీలికల గుండా చల్లగాలి వస్తుంది. ఉన్న ఏర్పాటంతా అంతే. అందుకని రౌటర్‌ను గోడకు నిలువుగా తగిలిస్తే ఒక తీరు, చీలికలు నేలకు అణిగేలా పడుకోబెడితే ఇంకో తీరు. పైన గుడ్డ కప్పితే ఇక తీరే లేదు. లోపలి చిప్‌ చుట్టుపక్కల గాలికన్నా ముప్ఫై, నలభై డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉండటం మామూలే. గదిలో 28 ఉన్నప్పుడు అది ఇబ్బంది కాదు. గది 42కు వెళ్లి, పైకప్పు కింద పోగుపడిన గాలి అంతకన్నా మూడు నాలుగు డిగ్రీలు ఎక్కి, దానికి గుడ్డ కూడా తోడైతే చిప్‌ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. అప్పటికీ కుదరకపోతే ఆగిపోయి మళ్లీ మొదలవుతుంది. బయటికి కనిపించేది ‘నెట్‌ పోయింది’ అన్న ఒక్క లక్షణమే.

బి.ఎన్‌.ఆర్‌. కాలం నాటి క్వార్టర్లలో ఎత్తైన పైకప్పు, గోడ పైభాగంలో వెంటిలేటర్లు ఉండేవి. వేడిగాలి పైకి పోయి అట్నుంచి అటే బయటపడేది. ఏసీ పెట్టుకున్నవాళ్లు మొదట చేసిన పని ఆ వెంటిలేటర్లకు అట్ట బిగించడం. ఏసీ ఆపేసిన వేళల్లో ఆ గదిలో బీరువా పైభాగం ఇంట్లోకెల్లా వేడి జాగా అవుతుంది. సరిగ్గా అక్కడే రౌటర్‌ ఉంటుంది, పిల్లలకు అందకూడదని.

ఇంట్లో ఎలా కనిపెట్టాలి?

ముందు వేళ చూసుకోవాలి. పన్నెండుకూ నాలుగుకూ మధ్య పోయి, పొద్దుగూకాక కోలుకుంటే వేడిని అనుమానించాలి. వేళాపాళా లేకుండా పోతుంటే కారణం మరెక్కడో ఉంది. ఫైబర్‌ పెట్టె మీద ఎల్‌ఓఎస్‌ అనే దీపం ఎర్రగా వెలిగితే అది లైను తెగిన గుర్తు, రౌటర్‌ను చల్లబరిచి లాభం లేదు. సాయంత్రం ఏడు తర్వాత వైఫై నత్తనడక నడిస్తే అది వేడి కాదు, ఇరుగుపొరుగు ఇళ్ల వైఫైలన్నీ ఒకే ఛానల్‌ మీద కొట్టుకుంటున్నాయని అర్థం. క్వార్టర్లు వరసగా గోడకు గోడ ఆనుకుని ఉండే చోట ఇది మరీ ఎక్కువ.

వేడి అని అనుమానం వచ్చాక పరీక్షకు పైసా ఖర్చు లేదు. రౌటర్‌ను బీరువా మీద నుంచి దించి బల్ల మీద పెట్టి, టేబుల్‌ ఫ్యాన్‌ తిప్పి వదిలేయండి. రెండు మూడు మధ్యాహ్నాలు నెట్‌ నిలబడితే దొంగ దొరికినట్టే. ఇంకాస్త నిక్కచ్చిగా తేల్చుకోవాలంటే కంప్యూటర్‌ నుంచి 192.168.1.1కు, అంటే మీ రౌటర్‌ చిరునామా ఏదైతే దానికి, ఆపకుండా పింగ్‌ (‘ఉన్నావా’ అని అడిగే చిన్న సందేశం) పెట్టి చూడండి. బయటి నెట్‌ పోయినా రౌటర్‌ జవాబిస్తుంటే తప్పు లైనుది. రౌటరే జవాబివ్వడం మానేస్తే తప్పు పెట్టెలోనే. కోవిడ్‌ రోజుల్లో కొన్న నుదుటి థర్మామీటర్‌తో రౌటర్‌ వేడి చూద్దామనుకునేవాళ్లకో మాట: అవి మనిషి ఒంటి వేడి కోసం చేసినవి. నలభై మూడు దరిదాపుల్లోనే ‘హై’ అని చూపించి చేతులెత్తేస్తాయి.

తర్వాత చీలికలు చూడాలి. టార్చి పట్టుకుని పక్కనుంచి చూస్తే ఖరగ్‌పూర్‌ రౌటర్లో ఏముంటుందో తెలుస్తుంది. ఇక్కడి నేల ఎర్రమట్టి నేల. ఆ మొరం దుమ్ము సన్నటి పొడిలా చీలికల అంచులకు పేరుకుని, వంటింటి నూనె ఆవిరి తగిలి పొరలా గట్టిపడుతుంది. బ్రష్‌తో గీరితే రాలదు, పెచ్చులా ఊడుతుంది. దాని వెనక ఒక్కోసారి బల్లి గుడ్ల పెంకులు, చచ్చిన చీమల గుట్ట. వెచ్చగా ఉండే చోటు బల్లికీ ఇష్టమే మరి. కరెంటు తీసి, అడాప్టర్‌ ఊడదీసి, పొడి పెయింట్‌ బ్రష్‌తో శుభ్రం చేస్తే చాలు. తడిగుడ్డ వద్దు. మంచుముక్కల సంచీ పైన పెట్టి చల్లబరిచే తెలివి అసలే వద్దు. ఈ ఊరి గాలిలో తేమ ఎక్కువ, చల్లబడిన చోట నీటి బిందువులు కట్టి సర్క్యూట్‌ మీదికి దిగుతాయి.

ఇక్కడ అందరూ మరిచిపోయే ఇంకో పెట్టె ఉంది. కరెంటు పోయినా నెట్‌ ఉండాలని కొనే చిన్న యూపీఎస్‌. కరెంటు వచ్చాక అందులోని లిథియం బ్యాటరీ చార్జింగ్‌ అవుతూ తనూ వేడెక్కుతుంది. చోటు కలిసొస్తుందని దాని మీదే రౌటర్‌, రౌటర్‌ మీద సెట్‌టాప్‌ బాక్సు పేరుస్తారు. మూడూ ఒకదాని వేడి ఒకటి తాగుతుంటాయి. కాలబైశాఖి గాలివాన వచ్చి గంటసేపు కరెంటు పోయి వచ్చిన సాయంత్రం, వాతావరణం చల్లబడ్డాక కూడా నెట్‌ తడబడిందంటే ఈ పేర్పును చూడండి. విడదీసి జానెడు దూరం పెడితే సరి.

ఇవన్నీ చేసినా మధ్యాహ్నం గండం తప్పకపోతే అడాప్టర్‌ను అనుమానించాలి. అందులోని ఎలక్ట్రోలైటిక్‌ కెపాసిటర్లకు ఒక లెక్క ఉంది: పది డిగ్రీలు వేడి పెరిగితే ఆయుష్షు సగానికి పడిపోతుంది. నాలుగు వేసవులు చూసిన అడాప్టర్‌ 12 వోల్టులు ఇవ్వాల్సిన చోట బరువు పడగానే కిందికి జారుతుంది, రౌటర్‌ తనంతట తాను ఆగి మొదలవుతుంది. అదే రేటింగ్‌ ఉన్న వేరే అడాప్టర్‌ పెట్టి చూడటం తప్ప దీనికి దగ్గర దారి లేదు. అడాప్టర్‌ను మాత్రం విప్పకండి. ప్లగ్గు తీసిన తర్వాత కూడా లోపల కరెంటు నిలవుంటుంది.

ఫ్యాన్‌ ఉన్న పెద్ద పెట్టెలు

ఆఫీసుల్లో, కాలేజీల్లో, కేబుల్‌ ఆపరేటర్ల గదుల్లో రాక్‌లకు బిగించే రౌటర్ల కథ వేరు. వాటిలో గాలి తనంతట తాను పోదు, ఫ్యాన్లు లాగి తోస్తాయి. ఒకటిముప్పావు అంగుళం ఎత్తు పెట్టెలో సరిపోయే ఫ్యాన్‌ 40 మిల్లీమీటర్లే కాబట్టి అది నిమిషానికి 10,000 చుట్లకు పైగా తిరగాల్సి వస్తుంది. ఆ గదుల్లో వినిపించే ఊళ అదే.

ఖరగ్‌పూర్‌ డీజిల్‌ షెడ్‌లో పనిచేసి రిటైరైన పెద్దలకు ఈ పెట్టె గుట్టు చెప్పనక్కర్లేదు. పాత ఆల్కో ఇంజిన్లో నీళ్ల వేడి ఒక స్థాయికి చేరగానే ఒక స్విచ్‌ రేడియేటర్‌ ఫ్యాన్‌ను నెమ్మదిగా తిప్పడం మొదలుపెట్టేది. ఇంకొంచెం పెరిగితే రెండో స్విచ్‌ దాన్ని పూర్తి వేగానికి తెచ్చేది. అప్పటికీ వేడి ఆగకపోతే మూడోది హాట్‌ ఇంజిన్‌ అలారం మోగించేది. రాక్‌ రౌటర్లోనూ అదే క్రమం: సెన్సర్లు, వేగం మార్చుకునే ఫ్యాన్లు, చివర అలారం. ఫ్యాన్‌ను ఎప్పుడూ పూర్తి వేగంతో తిప్పకపోవడానికి కారణం శబ్దం ఒక్కటే కాదు. వేగం సగానికి తగ్గిస్తే ఫ్యాన్‌ తినే కరెంటు దాదాపు ఎనిమిదో వంతుకు పడిపోతుంది.

అలారం మోగగానే షెడ్‌ ఫిట్టర్‌ ఇంజిన్‌ను తిట్టేవాడు కాదు. నీళ్లున్నాయా, ఫ్యాన్‌ తిరుగుతోందా, రేడియేటర్‌ మూసుకుపోయిందా, అసలు స్విచ్చే అబద్ధం చెబుతోందా అని వరసగా చూసేవాడు. రౌటర్‌ దగ్గర చాలామంది తప్పేది ఈ వరసే. ఫ్యాన్‌ అలారం అనగానే కొత్త ఫ్యాన్‌ ట్రే ఆర్డర్‌ పెట్టేస్తారు.

ముందు రౌటర్‌నే అడగాలి. సిస్కో పెట్టెల్లో షో ఎన్విరాన్‌మెంట్‌ అనే ఆదేశం ఇస్తే, మోడల్‌ను బట్టి, గాలి లోపలికి వచ్చే చోటి వేడి, బయటికి పోయే చోటి వేడి, ఫ్యాన్ల పరిస్థితి చెబుతుంది. మిగతా కంపెనీల పెట్టెల్లోనూ ఇలాంటిది ఉంటుంది. లోపలికి వచ్చే గాలే వేడిగా ఉంటే పెట్టె తప్పేం లేదు, గది ఏసీ సంగతి చూడండి. వచ్చే గాలి చల్లగా ఉండి, పోయే గాలి మరీ వేడిగా ఉంటే దారిలో అడ్డముంది: ఫిల్టర్‌ మూసుకుపోయిందో, తీగల కట్ట ఫ్యాన్‌ నోటికి అడ్డుపడిందో, ఫ్యానే అలసిపోయిందో. రెండూ మామూలుగా ఉండి ఒక్క సెన్సర్‌ మాత్రం గోల పెడుతుంటే ఆ చిప్‌ మీది హీట్‌సింక్‌ వదులైందో, కింది థర్మల్‌ ప్యాడ్‌ ఎండిపోయిందో చూడాలి. ఒక్కోసారి సెన్సర్‌దే అబద్ధం.

ఫ్యాన్‌ కళ్లముందు గిర్రున తిరుగుతోంది, తెర మీద మాత్రం సున్నా చూపిస్తోంది. ఈ వింత తరచూ ఎదురవుతుంది. ఫ్యాన్‌కు వచ్చే తీగల్లో ఒకటి వేగం చెప్పేది, సాధారణంగా చుట్టుకు రెండు స్పందనల చొప్పున పంపుతుంది. అది తెగినా, కనెక్టర్‌ వదులైనా ఫ్యాన్‌ చచ్చిపోయిందనే రౌటర్‌ అనుకుంటుంది. ఒకే రకం ట్రేలు రెండుంటే వాటిని అటూ ఇటూ మార్చి చూడండి. తప్పు ట్రేతో పాటు వెళితే ట్రేది, ఉన్నచోటే ఉంటే బోర్డుది. కాకపోతే ట్రే లాగిన తర్వాత కబుర్లలో పడకూడదు. కొన్ని మోడళ్లు నిమిషాల్లోనే తమంతట తామే ఆగిపోతాయి.

ఇంకో పొరపాటు చూడ్డానికి తెలివిగానే కనిపిస్తుంది. వేడెక్కుతోంది కదా అని రాక్‌ రౌటర్‌ పైమూత తీసేసి నడపడం. ఆ మూత గాలికి కట్టిన కాలువ గట్టు. అది తీస్తే ఫ్యాన్‌ తోసిన గాలి దగ్గరి దారి చూసుకుని పైకి పోతుంది, అసలు వేడి చిప్‌ దగ్గరికి చేరదు. కార్డు తీసేసిన ఖాళీ అరకు బిళ్ల బిగించకపోయినా అదే నష్టం. కొత్త ట్రే కొనేటప్పుడు గాలి దిశ కూడా సరిచూడాలి. ముందు నుంచి వెనక్కి తోసే రకం, వెనక నుంచి ముందుకు తోసే రకం రెండూ ఒకే కొలతలో దొరుకుతాయి. దిశ తప్పితే పక్క యంత్రం వదిలిన వేడిగాలినే మన రౌటర్‌ పీలుస్తుంది. బ్లోయర్‌తో దుమ్ము కొట్టేటప్పుడు రెక్కల్ని పుల్లతోనో వేలితోనో ఆపి పట్టుకోవాలి. గాలికి హద్దుమీరి తిరిగితే బేరింగ్‌ అరుగుతుంది, మోటారు జనరేటరై బోర్డుకు ఎదురు కరెంటు పంపే ప్రమాదమూ ఉంది.

ఊరు నేర్చిన చల్లదనం

ఈ ఊళ్లో యంత్రాల చల్లదనం చిన్న విషయం కాదు. 2017 నవంబరులో ఖరగ్‌పూర్‌ స్టేషన్‌లో సాలిడ్‌ స్టేట్‌ ఇంటర్‌లాకింగ్‌ వచ్చింది. పాత రిలే పద్ధతిలో 423 మార్గాలు ఉంటే కొత్తదాంట్లో 800. రైళ్లకు దారి చూపే పని ప్రాసెసర్లకు అప్పగించాక, ఆ గదిలో ఏసీ సిగ్నల్‌ వ్యవస్థలో ఒక భాగమైపోతుంది. అది సౌఖ్యం కోసం కాదు.

అటు ఐఐటీలో 2022 మార్చి 27న పరమ్‌ శక్తి సూపర్‌ కంప్యూటర్‌ మొదలైంది. 1.66 పెటాఫ్లాప్స్‌ సామర్థ్యం, 17,680 కోర్లు. జాతీయ సూపర్‌ కంప్యూటింగ్‌ మిషన్‌ కేంద్రాల్లో రాక్‌ వెనక తలుపునే శీతల యంత్రంగా మార్చిన పద్ధతిని మొదట వాడింది ఇక్కడే. తలుపులో చుట్టలు చుట్టిన గొట్టాల్లో చన్నీళ్లు పారుతుంటాయి. యంత్రాలు వదిలిన వేడిగాలి ఆ తలుపు గుండా పోతూ వేడిని నీళ్లకు అప్పగించి, చల్లబడి గదిలోకి వస్తుంది. గదినంతా చల్లబరిచే బదులు వేడి పుట్టిన చోటే పట్టుకోవడం. కరెంటు బిల్లు తగ్గేది అందుకే.

స్టేషన్ల వైఫై సంగతి ఇంకో రకం. గూగుల్‌తో కలిసి రైల్వే టెలికాం సంస్థ రైల్‌టెల్‌ 2016 జనవరిలో ముంబయి సెంట్రల్‌లో ఈ పని మొదలుపెట్టింది. ఖరగ్‌పూర్‌ ప్లాట్‌ఫారం పొడవు 1,072.5 మీటర్లు, అంత పొడవునా వైఫై అందాలంటే పెట్టెలు ఎండకు దగ్గరగా స్తంభాల మీదే ఉండాలి. ఆరుబయట బిగించే ఇలాంటి పెట్టెలకు సాధారణంగా ఫ్యాన్‌ ఉండదు. లోహపు ఒళ్లే వేడిని బయటికి పంపుతుంది, 60 డిగ్రీలు దాటినా తట్టుకునేలా తయారుచేస్తారు. బీరువా మీది ప్లాస్టిక్‌ డబ్బాకు ఆ చర్మం లేదు.

చల్లటి దేశాలకు ఈ బాధ లేదనుకుంటే పొరపాటు. 2022 జులై 19న బ్రిటన్లో చరిత్రలో మొదటిసారి 40 డిగ్రీలు దాటినప్పుడు లండన్‌లో గూగుల్‌, ఒరాకిల్‌ డేటా సెంటర్ల శీతల వ్యవస్థలు చతికిలబడి సేవలు ఆగిపోయాయి. మనకు ఆ వేడి ఏటా వచ్చే చుట్టం. మన అలవాట్లే దానికి తగ్గట్టు మారలేదు. నా మటుకు నాకు రౌటర్‌ కంపెనీల మీదా ఫిర్యాదుంది. 40 డిగ్రీలే హద్దని రాసిన పెట్టెను ఈ దేశంలో అమ్మేటప్పుడు ఆ మాటను సన్నటి అక్షరాల్లో దాచడం న్యాయం కాదు.

మీ రౌటర్‌ సొంతమైతే ఫిబ్రవరి, మార్చిల్లోనే దాన్ని కిందికి దించండి. ఛాతీ ఎత్తులో, గోడకు నాలుగంగుళాల ఎడంగా, తెరిచి ఉన్న చోట పెట్టండి. ఎండ తగిలే కిటికీ పక్కన వద్దు. అప్పటికీ వేడెక్కితే 12 వోల్టుల 80 మిల్లీమీటర్ల ఫ్యాన్‌ ఒకటి తెచ్చి 5 వోల్టుల యూఎస్‌బీ మీద తిప్పండి, నెమ్మదిగా, చప్పుడు లేకుండా సరిపోయేంత గాలి ఇస్తుంది. ఫ్యాన్‌ ఏ రకమైనా, 5 వోల్టుల మీద తిరగడం మొదలుపెడుతుందో లేదో కొట్లోనే చూసి తీసుకోండి. పెట్టె నెట్‌ కంపెనీ ఇచ్చినదైతే స్క్రూ ముట్టుకోకండి, అది వాళ్ల సొత్తు. వాళ్లకు ఫోన్‌ చేసినప్పుడు ‘నెట్‌ పోతోంది’ అని ఊరుకోకుండా, ఏ వేళకు పోయి ఏ వేళకు వస్తోందో వారం రోజులు రాసిపెట్టుకుని, ఆ కాగితం చూసి చెప్పండి. సగం పని అక్కడే అయిపోతుంది.